విరాళాలతో, శ్రమదానంతో కట్టే ఇళ్లలో కుటుంబం వాటా ఎంత ఉండాలి?

ప్రశ్న

నమస్కారం. కొంతమంది దాతలు, సెలవు రోజుల్లో శ్రమదానం చేయడానికి సిద్ధంగా ఉన్న యువతీ యువకులు కలిసి, అద్దెలు కట్టలేక సతమతమవుతున్న స్థానిక కుటుంబాలకు తక్కువ ఖర్చులో పక్కా ఇళ్లు కట్టించాలని మా సంఘంలో నిర్ణయించుకున్నాము. మొదటి విడత ఇళ్లకు సరిపడా విరాళాలు దాదాపు సమకూరాయి. స్థలం ఇవ్వడానికి కూడా ఒక దాత ముందుకు వచ్చారు. అయితే పునాది తవ్వకముందే మాలో ఒక భేదాభిప్రాయం తలెత్తింది. పేదవారి దగ్గర మళ్లీ డబ్బు వసూలు చేస్తే అది దానం అనిపించుకోదు కాబట్టి ఇల్లు పూర్తిగా ఉచితంగా ఇవ్వాలని కొందరు అంటున్నారు. కుటుంబం ఎంతో కొంత తిరిగి చెల్లిస్తేనే తర్వాతి ఇంటికి డబ్బు మిగులుతుందని, కట్టుబడి పనిలో వాళ్లు కూడా చేయి కలిపితేనే ఆ ఇల్లు తమదన్న ధీమా వస్తుందని మరికొందరు వాదిస్తున్నారు. రెండు పక్షాల వారూ మంచి మనసుతోనే మాట్లాడుతున్నారు కాబట్టి చేతులెత్తించి తేల్చేయడం నాకు సబబుగా తోచడం లేదు.

ఇలాంటి పనిలో అనుభవం ఉన్నవారు దయచేసి మీ అభిప్రాయం చెప్పండి. పని తెలియని కార్యకర్తల చేత ఏ పనులు చేయించవచ్చు, ఏవి చేయించకూడదు అన్నది కూడా వివరిస్తే మాకు మేలు చేసినవారవుతారు.

మొదటి జవాబు (గృహనిర్మాణ ట్రస్టు కోశాధికారి)

మీ సంఘంలో జరుగుతున్న చర్చ చాలా పాతది, దానికి ఆచరణలో నిలిచిన ఒక పరిష్కారం కూడా ఉంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అమెరికస్ పట్టణం దగ్గర, క్లారెన్స్ జోర్డన్ 1942లో స్థాపించిన కోయినోనియా ఫార్మ్ అనే వ్యవసాయ సముదాయంలో 1968లో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. తన సంపదను వదులుకుని అక్కడికి వచ్చిన మిలర్డ్ ఫుల్లర్, ఆయన భార్య లిండా, జోర్డన్‌తో కలిసి ఆలోచించి, ఇళ్లను లాభం లేకుండా, వడ్డీ లేకుండా కుటుంబాలకు అమ్మాలని, వాళ్లు కట్టే వాయిదాలన్నీ ఒక నిధిలో చేరి ఆ డబ్బుతోనే మరో ఇల్లు లేవాలని నిశ్చయించారు. ఆ అనుభవంతోనే ఫుల్లర్ దంపతులు 1976లో హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థను ప్రారంభించారు.

లెక్క వేసి చూస్తే దీని బలం తెలుస్తుంది. మీరు 15 ఇళ్లు కట్టి, ఒక్కో ఇంటి ఖర్చును 15 ఏళ్లలో వడ్డీ లేకుండా తిరిగి చెల్లించే ఏర్పాటు చేశారనుకుందాం. ఏటా ఒక్కో కుటుంబం ఇంటి ఖర్చులో పదిహేనో వంతు చెల్లిస్తుంది కాబట్టి, 15 కుటుంబాలూ కలిసి ఏడాదికి ఒక పూర్తి ఇంటి ఖర్చును నిధిలో వేసినట్టవుతుంది. సిమెంటు, ఇనుము, కూలి రేట్లు పెరుగుతూ పోతాయి కనుక, ఇవాళ ఒక ఇంటికి సరిపోయే మొత్తం పదేళ్ల తర్వాత సరిపోదు. ఆ లోటు పూడ్చడానికి దాతలు అప్పుడూ కావాలి. కానీ అప్పటి దాత ఇచ్చేది ఆ లోటు మేరకే, మొత్తం ఇల్లు కాదు. ఉచితంగా ఇచ్చేస్తే మొదటి విడత కుటుంబాలకు మేలు జరుగుతుంది, పదహారో కుటుంబం మాత్రం మళ్లీ దాత కోసం ఎదురుచూస్తుంది. ఆ పదహారో కుటుంబం సమావేశంలో కూర్చోదు కాబట్టి దాని తరఫున మాట్లాడవలసింది మీరే.

అయితే వాయిదా మొత్తాన్ని ఇంటి ఖర్చును బట్టి కాకుండా కుటుంబ ఆదాయాన్ని బట్టి నిర్ణయించండి. నివాసం మీద పెట్టే మొత్తం ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదన్నది చాలా దేశాల్లో పాటించే కొలమానం. అందులో వాయిదా ఒక్కటే కాదు, ఇంటి పన్ను, మరమ్మతులు కూడా చేరతాయన్న సంగతి చాలా సంఘాలు మరచిపోతాయి. జబ్బు చేసినప్పుడు, పని పోయినప్పుడు ఎన్ని నెలలు వాయిదా ఆపవచ్చో ఒప్పందంలోనే రాయండి. ఆ వెసులుబాటు హక్కుగా ఉండాలి తప్ప, కష్టంలో ఉన్న మనిషి కమిటీ ముందుకు వచ్చి చేతులు జోడించే పరిస్థితి రాకూడదు. ఇక సంపాదించే వయసు దాటిన వృద్ధులకు, ఏ ఆదాయమూ లేని వారికి ఈ పద్ధతే సరిపోదు. వారికి ఉచితంగానో నామమాత్రపు అద్దెకో ఇవ్వండి, ఆ ఖర్చును విడిగా విరాళాల ఖాతాలో చూపండి.

రెండవ జవాబు (సైటు ఇంజనీరు)

డబ్బు సంగతి పైన చక్కగా చెప్పారు, నేను పని గురించి చెబుతాను. శ్రమదానంతో కట్టే ఇంట్లో మేస్త్రీలు ఉండరని చాలామంది అనుకుంటారు. నిజానికి తాపీ మేస్త్రీ, ఇనుము కట్టేవారు, సెంట్రింగ్ వేసేవారు, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ కూలి తీసుకుని పనిచేసే నిపుణులుగానే ఉండాలి, వాళ్ల కూలిలో కోత పెట్టకూడదు. పేద కుటుంబానికి ఇల్లు కడుతున్నామంటూ మరో పేద కుటుంబానికి దక్కవలసిన కూలి తగ్గించడం న్యాయం కాదు. కార్యకర్తలు పునాది తవ్వడం, ఇసుక జల్లించడం, ఇటుకలు తడపడం, అందించడం, పునాదిలో మట్టి నింపి దిమ్మిస చేయడం, రంగులు వేయడం వంటివి ధైర్యంగా చేయవచ్చు. మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకుంటే లోపలి అడ్డగోడల కట్టుబడి కూడా చేయగలరు, కాకపోతే ప్రతి రెండు మూడు వరుసలకు ఒకసారి మేస్త్రీ వచ్చి దారంతో, గుండుతో సరిచూడాలి. శ్లాబు ఇనుము, సెంట్రింగ్, కరెంటు, ఎత్తులో చేసే పనులు మాత్రం వాళ్లకు అప్పగించవద్దు.

అందరూ శ్లాబు వేసే రోజు వస్తారు. ఆ రోజు సందడి ఉంటుంది, ఫోటోలు ఉంటాయి. మరుసటి రోజు నుంచి ఆ శ్లాబుకు నీళ్లు పట్టాలి, అప్పుడు ఎవరూ ఉండరు. మామూలు సిమెంటు అయితే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన మిశ్రమ సిమెంటు అయితే కనీసం 10 రోజులు కాంక్రీటు తడి ఆరకుండా ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. శ్లాబు మీద చిన్న చిన్న మళ్లు కట్టి నీళ్లు నిలిపినా, గోనె సంచులు పరచి తడిపినా, ఎవరో ఒకరు పొద్దునా సాయంత్రం మెట్లెక్కి చూడాలి. నేను చూసిన సైట్లలో ఆ పని చివరికి ఆ కుటుంబమే చేసింది, బయటివారికన్నా శ్రద్ధగా చేసింది. కుటుంబం శ్రమ వాటా ఎక్కడ నిజంగా విలువైనదో నాకు అక్కడే అర్థమైంది. మీ కార్యకర్తల జాబితా తయారుచేసేటప్పుడు శ్లాబు రోజుకన్నా ముందు ఈ నీళ్లు పట్టే రోజులకు పేర్లు రాయండి.

కుటుంబం శ్రమను గంటల్లో లెక్కించడం మంచి పద్ధతే. ఉరుగ్వేలో 1968 నాటి గృహనిర్మాణ చట్టం కింద ఏర్పడిన పరస్పర సహాయ సహకార సంఘాల్లో, నిర్మాణం జరిగినంత కాలం ప్రతి కుటుంబం వారానికి 21 గంటలు పనిచేయడం ఆనవాయితీ. ఏ ఇల్లు ఎవరిదో తెలియకుండానే అన్ని ఇళ్లూ కలిసి కడతారు కాబట్టి నాణ్యతలో తేడా రాదు. అయితే పసిబిడ్డ ఉన్న తల్లిని, నడుము నొప్పి ఉన్న తండ్రిని ఇటుకలు మోయమనకూడదు. సామాను లెక్క రాయడం, పిల్లలను చూసుకోవడం, రాత్రి కాపలా, ఇవన్నీ కూడా గంటలే.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. తిరిగి చెల్లింపు గురించి మా వాళ్లకు నచ్చజెప్పగలనన్న నమ్మకం కలిగింది. మరొక సందేహం. ఇల్లు కుటుంబం పేరున రిజిస్టరు చేశాక, కొన్నేళ్లకు చుట్టుపక్కల స్థలాల ధర పెరిగి వాళ్లు లాభానికి అమ్ముకుంటే, దాతల సొమ్ము కొనేవాడి పాలవుతుంది కదా? అలాగని అమ్మకూడదని శాశ్వతంగా కట్టిపడేయడం కూడా కుటుంబానికి అన్యాయమే అనిపిస్తోంది.

మూడవ జవాబు (ఆస్తి వ్యవహారాల న్యాయవాది)

మీరు భయపడుతున్నది ఇంటి ధర గురించి కాదు, నేల ధర గురించి. ఇల్లు ఏటా పాతబడుతుంది, పెరిగేది స్థలం విలువ. అందుకే స్థలాన్ని ఒక ట్రస్టు పేరున ఉంచి, దానిపై కుటుంబానికి దీర్ఘకాలిక, వారసత్వంగా సంక్రమించే లీజు ఇచ్చి, ఇంటిని మాత్రం పూర్తిగా కుటుంబం పేరున రాసే పద్ధతి ఒకటి ఉంది. దీన్ని కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు అంటారు. 1951లో పోచంపల్లిలో మొదలైన భూదానం, దాని నుంచి పెరిగిన గ్రామదానం ఆలోచనలు ఈ పద్ధతికి ఒక ప్రేరణ. భూమి ఊరి ఉమ్మడి అధీనంలో ఉండాలన్న గ్రామదాన సూత్రాన్ని అధ్యయనం చేసినవారు, నల్లజాతి రైతుల కోసం 1969లో జార్జియాలో న్యూ కమ్యూనిటీస్ అనే సంస్థను నెలకొల్పారు. ఆ భూమి అప్పుల కారణంగా 1980లలో చేజారింది. ట్రస్టు స్థలాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తనఖా పెట్టకూడదన్న నిబంధన ఎందుకు కావాలో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆ ఆలోచన మాత్రం నిలిచింది. అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో 1984లో మొదలై ఇప్పుడు చాంప్లేన్ హౌసింగ్ ట్రస్టుగా పిలుస్తున్న సంస్థలో, ఇల్లు అమ్మదలచిన కుటుంబానికి తాను చెల్లించిన మొత్తంతో పాటు పెరిగిన విలువలో నాలుగో వంతు వస్తుంది. మిగిలిన విలువ ఇంట్లోనే ఉండిపోతుంది కాబట్టి తర్వాత వచ్చే కుటుంబానికి అదే ఇల్లు అందుబాటు ధరలో దొరుకుతుంది. కుటుంబం ఉత్తచేతులతో వెళ్లదు, దాత ఇచ్చిన స్థలమూ చేజారదు. మీరు ఎంచుకునే వాటా ఎంతైనా కావచ్చు, కానీ లెక్కించే సూత్రం మొదటి రోజే కాగితం మీద ఉండాలి. కుటుంబం స్వయంగా చేసుకున్న మార్పుల విలువ పూర్తిగా కుటుంబానికే దక్కాలి. ఒప్పందాన్ని వాళ్లకు వచ్చిన భాషలో చదివి వినిపించండి, సంతకానికి ముందు కొన్ని రోజుల వ్యవధి ఇవ్వండి. స్థలం ఇస్తున్న దాత వారసులందరి సమ్మతి కూడా ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. నా వృత్తిలో ఎక్కువ వివాదాలు అక్కడి నుంచే వచ్చాయి.

నాలుగవ జవాబు (ఇలాంటి ఇంట్లో నివసిస్తున్నవారు)

ఇల్లు పొందినవారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలనిపించింది. మేము వాయిదాలు కడుతున్నాము, అది మాకు భారం అనిపించలేదు. అద్దె కట్టినప్పుడు రసీదు కూడా ఇవ్వని చోటు నుంచి వచ్చాము కనుక, ప్రతి నెలా బాకీ ఎంత తగ్గిందో పాస్‌బుక్‌లో చూసుకోవడం మాకు గౌరవంగానే ఉంది. బాధ కలిగించింది ఎంపిక జరిగిన తీరు. దరఖాస్తు చేసినవారందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, అందరి ముందూ మా ఆదాయం, అప్పులు అడిగారు. ఎంపిక కాని ఒక కుటుంబానికి కారణమేమిటో ఎవరూ చెప్పలేదు. ఏ ప్రమాణాలతో ఎంపిక చేస్తారో ముందే ప్రకటించండి, వివరాలు విడిగా అడగండి, కాదన్నవారికి కారణం చెప్పండి.

మరొకటి, మా ఇంట్లో ఇద్దరు పిల్లలు పెద్దవాళ్లయ్యారు, గది సరిపోవడం లేదు. పైన మరో గది వేసుకోవచ్చా అని అడిగితే పునాది దానికి తగ్గట్టు లేదన్నారు.

రెండవ జవాబు రాసినవారు

ఈ చివరి విషయం చాలా ముఖ్యమైనది. చిలీలోని ఇకీకే నగరంలో కింటా మోన్రాయ్ అనే చోట వాస్తుశిల్పి అలెహాంద్రో అరవేనా బృందం 2004లో సుమారు వంద కుటుంబాలకు ఇళ్లు కట్టినప్పుడు, ఉన్న డబ్బు పూర్తి ఇంటికి చాలకపోవడంతో సగం ఇల్లు మాత్రమే కట్టింది. అయితే కుటుంబం సొంతంగా కట్టుకోలేని సగాన్ని ఎంచుకుంది. వంటగది, స్నానాల గది, మెట్లు, ఇళ్ల మధ్య గోడలు మొదటే పూర్తయ్యాయి, పక్కన వదిలిన ఖాళీలో కుటుంబాలు వీలు చూసుకుని గదులు పెంచుకున్నాయి. మీరు కట్టేది చిన్న ఇల్లే అయినా పునాదిని పై అంతస్తు బరువుకు లెక్క వేయించండి, ఆ అదనపు ఖర్చు ఇప్పుడు కొద్దిగానే ఉంటుంది, తర్వాత ఆ పని చాలా కష్టం. గోడలకు ప్లాస్టరింగ్ చేయకముందే పైపులు, వైర్లు ఎక్కడెక్కడ వెళ్లాయో పక్కన టేపు పెట్టి ఫోటోలు తీయించి, పునాది డ్రాయింగుతో కలిపి, తాళంచెవితో పాటు కుటుంబానికి ఇవ్వండి. తర్వాత మేకు కొట్టేవారికైనా, గది పెంచేవారికైనా అవి కావాలి.