చంద్రుణ్ణి భూకేంద్రం నుంచి కట్టాలా, పుట్టిన ఊరి నుంచా?

కాకినాడ కాజా: మా అమ్మాయి కాకినాడలో ఆశ్వయుజ పౌర్ణమి సాయంత్రం, చంద్రుడు పైకొస్తున్న వేళ పుట్టింది. లాహిరి అయనాంశతో (రాశిచక్రం ఎక్కడ మొదలో తేల్చే లెక్క) చంద్రుడు మేషంలో 13 డిగ్రీలు, అశ్విని నాలుగో పాదం. పెళ్లికి చూస్తున్న అబ్బాయిది ఆరుద్ర. నక్షత్రాన్ని బట్టి వచ్చే నాడి ఇద్దరికీ ఒకటే కాకూడదట; ఇద్దరిదీ ఆద్య నాడి, పొంతనలో 36 గుణాల్లో 8 అక్కడే పోయాయి. నిన్న సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ‘టోపోసెంట్రిక్’ (పుట్టిన ఊరి నుంచి చూసే లెక్క) దగ్గర టిక్కు పెడితే చంద్రుడు ముప్పావు డిగ్రీ జరిగి భరణిలో పడ్డాడు. మధ్య నాడి! ఏది నమ్మాలి?

సిద్ధాంతి మనవడు: టిక్కు తీసెయ్యండి. తిథి, నక్షత్రం భూకేంద్రం నుంచే కడతారు. సూర్యసిద్ధాంతం కూడా లంబనం (చూసే చోటును బట్టి వచ్చే తేడా) చెప్పింది సూర్యగ్రహణం కోసమే. నక్షత్రం మారే క్షణం లోకమంతటికీ ఒకటే. ఊరికో నక్షత్రమైతే పంచాంగం అచ్చెవరు వేస్తారు?

పడమటి గాలి: అదేం న్యాయమండీ? లగ్నానికి ఊరి అక్షాంశ రేఖాంశాలు కావాలిగానీ చంద్రుడికి అక్కర్లేదా? దృక్ పద్ధతి అంటే కంటికి కనబడిందే కదా. 2019 డిసెంబరు 26న కేరళలో సూర్యుడు ఉంగరంలా కనిపించాడు, హైదరాబాదులో పాక్షికమే. ఎవరి ఆకాశం వాళ్లది.

పెళ్లిపెద్ద: ముందు పుట్టిన టైము సరిచూసుకోండి.

కోడు కూలీ: టైముతో తేలేది కాదండీ. చంద్రుడు నిమిషానికి అరకళ నడుస్తాడు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), అశ్విని దాటడానికి ఇంకా 20 కళలున్నాయి. నర్సమ్మ గడియారం 40 నిమిషాలు తప్పయితే తప్ప భరణి రాదు.

గ్రహాల స్థానాలు లెక్కగట్టే స్విస్ ఎఫెమెరిస్ ప్రోగ్రాం మామూలుగా ఇచ్చేది భూకేంద్రం లెక్కే. రెండోది కావాలంటే ఊరి అక్షాంశం, రేఖాంశం, ఎత్తు మనం ఇవ్వాలి. చంద్రుడు మనకు దగ్గర కాబట్టి దిగంతం మీదున్నప్పుడు దాదాపు డిగ్రీ తేడా వస్తుంది, నడినెత్తిన ఉంటే ఏమీ ఉండదు. గురువు, శనులకైతే పట్టించుకోనక్కర్లేదు. గణితంగా రెండూ ఒప్పే. కానీ ఆ ముప్పావు డిగ్రీతో మీ అమ్మాయి దశలన్నీ తొమ్మిదిన్నర నెలలు జరుగుతాయి, అదీ ఒప్పుకుంటారా? నన్నడిగితే ఫలితం చూశాక పద్ధతి మార్చడం గణితం కాదు, బేరం. ఇంతకీ అబ్బాయి జాతకానికీ ఆ టిక్కు పెట్టారా?

కాకినాడ కాజా: పెట్టలేదు. ఆగండి, చూసి చెప్తా.

కాకినాడ కాజా: చూశాను. అతను పుట్టింది చంద్రుడు అస్తమించే వేళట. ఆరుద్ర మొదటి పాదం నుంచి వెనక్కి, మృగశిరలోకి పోయాడు. అదీ మధ్య నాడే.