అప్‌డేట్: ఒకేసారి డబ్బు వద్దనుకున్నాను

2022లో ఇక్కడే అడిగాను. షిప్ నిచ్చెన మీంచి జారి మోకాలు దెబ్బతింది. మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యం, డ్యూటీ వల్లే అని రాసింది. నేవీ నన్ను సర్వీసులోనే ఉంచింది. మరి పరిహారం ఒకేసారి తీసుకోవాలా, లేక దాన్ని వదులుకుని రిటైరయ్యాక నెలనెలా డిసెబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్‌తో పాటు వైకల్యానికి ఇచ్చే మొత్తం) తీసుకోవాలా అన్నది నా ప్రశ్న.

వదులుకున్నాను. మా ఆవిడ నెల రోజులు మాట్లాడలేదు. గాజువాకలో పైఅంతస్తు స్లాబ్ ఆగిపోయింది మరి!

నన్ను ఆపింది ఒక్క విషయం: ఒకసారి ఆ డబ్బు తీసుకుంటే, అదే వైకల్యానికి తర్వాత ఎలిమెంట్ అడిగే హక్కు పోతుంది. అప్పటి లెక్క ప్రకారం నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం, అంటే నా 40 శాతానికి 12 శాతం. జీతం 50,000 అనుకుంటే నెలకు 6,000. దానిపై డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భత్యం) అదనం, అదీ బతికినంత కాలం.

ట్యాక్స్ సంగతి మాత్రం నాకెవరూ చెప్పలేదు. 2019 సర్క్యులర్ ప్రకారం, వైకల్యం వల్ల సర్వీసు నుంచి పంపేసిన వాళ్లకే మినహాయింపు. నాలా పూర్తికాలం చేసి రిటైరైతే లేదు. అది తెలిసినా నిర్ణయం మార్చుకునేవాణ్ణి కాదులెండి.

స్లాబ్ లోన్ పెట్టి వేశాం. ఆవిడ ఇప్పుడు మాట్లాడుతోంది.