నర్సీపట్నం – చింతపల్లి – సీలేరు రహదారి: మన్యం తిరుగుబాటు నాటి దారి ఇదేనా?

కొండదారి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఇటీవల నర్సీపట్నంలో బయలుదేరి, లంబసింగి ఘాట్ ఎక్కి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు మీదుగా చింతూరు వరకు రోడ్డు మార్గాన వెళ్లాను. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ఒక రోడ్డు పని కూడా ఉందని చదివిన గుర్తు. ఆ రోడ్డు ఇదేనా? స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు మరణించింది ఈ లంబసింగి ఘాట్ మలుపుల్లోనేనని బస్సులో ఒకాయన చెప్పారు. అది నిజమేనా? లంబసింగి దగ్గర జాతీయ రహదారి బోర్డులు కనిపించాయి కాబట్టి, ఈ మార్గం మొత్తం జాతీయ రహదారిగా మారిందా అన్నది మరో సందేహం.

పాతమైలురాయి:

మీ మొదటి ప్రశ్నకు సమాధానం అవును. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు అడవిలో రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ గిరిజనులకు న్యాయమైన కూలి దక్కనివ్వలేదు. ఎదురు చెప్పినవారిని కొట్టించేవాడు. అయితే ఈ రోడ్డు తగాదాను విడిగా చూస్తే విషయం సగమే అర్థమవుతుంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత కొండవాలు కొట్టి, కాల్చి, పోడు చేసుకునే వీలు కుంచించుకుపోయింది. పన్ను వసూలు చేసి సర్కారుకు కట్టే ముఠాదారుల పెత్తనమూ పలచబడింది. పోడు పోయినవాడికి నాలుగు అణాలు కళ్లజూడాలంటే సర్కారు పని తప్ప వేరే దారి లేదు. ఆ పనిలోనూ కూలి చేతికి రాకపోతే అది వెట్టి కాక మరేమిటి? అందుకే నా దృష్టిలో ఈ రోడ్డు తిరుగుబాటుకు ఒక సాకు కాదు. అడవి చట్టం, అధికారి దాష్టీకం, ఆకలి ఒక్కచోట కలిసినది ఆ రోడ్డు పనిలోనే.

బాస్టియన్ వల్ల నష్టపోయినవారిలో గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులు ముఖ్యులు. గంటం దొర బట్టిపనుకుల మునసబుగా పనిచేసినవాడు. ఇద్దరూ సీతారామరాజు దళంలో ముందువరుసలో నిలిచారు. మల్లు దొర తరువాత జైలు జీవితం గడిపి, స్వతంత్ర భారతదేశంలో 1952 ఎన్నికలలో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ చివరి సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఎందుకు కనిపించదో నాకెప్పుడూ బోధపడలేదు.

గెడ్డగట్టు:

పై సమాధానానికి ఒక దిద్దుబాటు కాదు గానీ, మీ రెండవ ప్రశ్నకు జవాబు. బస్సులో ఆయన చెప్పినది పొరపాటు. కవర్డ్, హైటర్ మరణించింది లంబసింగి ఘాట్‌లో కాదు, దామనపల్లి ఘాట్‌లో. తేదీ 1922 సెప్టెంబరు 24. దామనపల్లి గూడెం కొత్తవీధి వైపున ఉంది. రెండూ మైదానం నుంచి పీఠభూమి మీదికి ఎక్కే కనుమలే కావడంతో చాలామంది ఒకదానికి బదులు మరొకటి చెబుతుంటారు.

ఇంకో సంగతి. పోలీసు స్టేషన్ల మీద దాడుల వరుసను పటం ముందు పెట్టుకుని చూడండి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. చింతపల్లి కొండమీద ఉంది, కృష్ణదేవిపేట కొండల అడుగున ఉంది, రాజవొమ్మంగి ఇంకా నైరుతిగా ఉంది. మూడు రోజులలో మూడు స్టేషన్లు పట్టుకుని 26 తుపాకులు తీసుకెళ్లడం, తీసుకెళ్లిన వాటి లెక్కను స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లడం, సర్కారు వేసిన బండిబాటను నమ్ముకున్నవాళ్లకు సాధ్యమయ్యే పని కాదు. దళానికి కాలిబాటలు తెలుసు. పోలీసులు మాత్రం తిండిగింజలకూ తూటాలకూ ఘాట్ల మీదే ఆధారపడ్డారు. ఎక్కడ కాపు వేయాలో దళానికి అదే చెప్పింది. మలబారు పోలీసులు చాలక 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ను దింపవలసి రావడానికి ఇదొక ముఖ్య కారణమని నేననుకుంటాను.

కొండదారి:

ఇద్దరికీ ధన్యవాదాలు. దామనపల్లి సంగతి తెలియక నేనూ ఇద్దరు ముగ్గురికి తప్పుగానే చెప్పాను; సరిచేసుకుంటాను. మరి జాతీయ రహదారి విషయం? చింతపల్లి దాటాక సీలేరు వరకు ఆ అడవిలో అంత పొడవైన రోడ్డుకు అవసరం ఏం వచ్చింది?

పాతమైలురాయి:

జాతీయ రహదారి 516ఈ వేరే మార్గం. అది రాజమహేంద్రవరంలో మొదలై రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు, బౌడారా మీదుగా విజయనగరం చేరుతుంది. అంటే మన్యాన్ని పొడవునా చీల్చుకుంటూ పోతుంది. మీరు వెళ్లిన దారి మైదానం నుంచి కొండమీదికి ఎక్కి అటువైపు శబరి లోయలోకి దిగుతుంది. రెండూ కలిసే మేర మీకు బోర్డులు కనిపించాయి, అంతే. చివర చింతూరులో మీరు అందుకున్నది జగ్‌దల్‌పూర్ – విజయవాడ మార్గమైన జాతీయ రహదారి 30.

సీలేరు వరకు రోడ్డుకు అవసరం తెచ్చింది కరెంటు. ఎగువ సీలేరు కేంద్రంలో మొదటి యూనిట్లు 1967–68లో మొదలయ్యాయి. నేడు దాని సామర్థ్యం 240 మెగావాట్లు. మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు కేంద్రం 1976–78 మధ్య పని మొదలుపెట్టింది. దానిది 460 మెగావాట్లు. టర్బైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిబాటన రావు కదా. మధ్యలో ఆర్.వి.నగర్ చుట్టుపక్కల కాఫీ తోటలు మరో కారణం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు మీరు రోడ్డు మీద నుంచే చూసి ఉంటారు.

గెడ్డగట్టు:

రోడ్డు పరిస్థితి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పర్యాటకులు పెరిగాక అందరూ వెడల్పు గురించే మాట్లాడుతున్నారు. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగికి ఎక్కే ఘాట్‌లో అసలు చిక్కు కొండవైపు కాలువది. చలికాలంలో రాలిన ఆకు, తొలకరికి జారిన ఎర్రమట్టి కలిసి ఆ కాలువను పూడ్చేస్తాయి. వాన పడగానే నీరు కల్వర్టులోకి పోకుండా తారు మీద అడ్డంగా పారి, లోయవైపు అంచును కింది నుంచి తినేస్తుంది. పైకి తారు బాగానే కనిపిస్తుంది, అడుగున మట్టి ఉండదు. బరువు బండి ఎక్కిన రోజున అంచు విరుగుతుంది. వెడల్పు చేయడానికి కొండను ఇంకా తొలిస్తే వాలు మరింత నిట్టనిలువై చరియలు పడటం ఎక్కువవుతుంది. కాబట్టి జూన్‌కు ముందే కాలువలు తోడించడం, కల్వర్టు మూతులు తెరిపించడం ఈ దారికి చేయగల అన్నిటికన్నా చవకైన మేలు.

లంబసింగిని కొర్రబయలు అని కూడా పిలుస్తారు. రాత్రి ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడన్నది ఆ పేరుకు చెప్పే అర్థం. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున వెళ్లేవారు పొగమంచులో లోయవైపు అంచుకు దూరంగా బండి నడపాలి. నేను పైన చెప్పిన విరిగిన అంచులు ఆ వేళ కంటికి కనిపించవు.