తల్లి చేరనివ్వని గొర్రెపిల్లకు ఏ పాలు, ఎంత, ఎలా పట్టాలి?

ప్రశ్న: వనపర్తి జిల్లా రైతు

అందరికీ నమస్కారం. మాకు 3 ఎకరాల మెట్ట, 11 నెల్లూరు గొర్రెలు ఉన్నాయి. నిన్న రాత్రి వానలో ఒక తొలిచూలు గొర్రె దొడ్డి మూలన ఈనింది. మేము చూసేసరికి పిల్ల బురదలో పడి వణుకుతూ ఉండడంతో, ఇంట్లోకి తెచ్చి సబ్బుతోనూ గోరువెచ్చని నీళ్లతోనూ కడిగి, తుడిచి, గంపలో గోనెసంచి మీద పడుకోబెట్టాము. తెల్లవారి తల్లి దగ్గర వదిలితే అది వాసన చూసి, ముందరి కాలితో నేలను కొట్టి, రెండుసార్లు తలతో కుమ్మి అవతలికి నెట్టింది. పిల్ల రెండున్నర కిలోలు తూగింది, మగపిల్ల. రాత్రి నా భార్య ఆవుపాలలో సగం నీళ్లు కలిపి, పిల్లను ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని సీసాతో పట్టింది. కొన్ని పాలు ముక్కులోంచి వచ్చాయి. పుట్టి ఇప్పటికి 12 గంటలు అయింది. ఇకపై ఏ పాలు, రోజుకు ఎంత పట్టాలి? తల్లికి మళ్లీ అలవాటు చేయడం సాధ్యమేనా?

జవాబు: పశువైద్య శాఖలో పనిచేసి విరమించినవాడిని

ముందుగా మీ వేలిని పిల్ల నోట్లో పెట్టి చూడండి. నోరు వెచ్చగా ఉండి, వేలిని చప్పరిస్తే భయం లేదు. నోరు చల్లగా ఉండి, తల నిలపలేకపోతుంటే మాత్రం పాలు పట్టవద్దు. గొర్రెపిల్ల ఒంటి వేడి 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అది 37కు దిగువకు పడిపోయిన పిల్ల మింగలేదు కాబట్టి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పుట్టి 5 గంటలు దాటాక అంతగా చల్లబడితే ఒంట్లో చక్కెర కూడా అడుగంటి ఉంటుంది గనుక, డాక్టరు చేత గ్లూకోజు ఎక్కించిన తరువాతనే కాపడం పెట్టాలి. దగ్గరలో డాక్టరు లేకపోతే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

పిల్ల హుషారుగానే ఉంటే, ఇప్పుడు దానికి కావలసినవి మామూలు పాలు కావు, జున్నుపాలు. తల్లి కడుపులో ఉండగా గొర్రెపిల్లకు రోగనిరోధక శక్తి అందదు. అదంతా జున్నుపాల ద్వారానే రావాలి. ఆ రక్షక పదార్థాలను పేగు మొదటి 6 గంటల్లో బాగా పీల్చుకుంటుంది, ఆ తరువాత తగ్గుతూ వచ్చి 24 గంటలకు దాదాపుగా పీల్చుకోవడం మానేస్తుంది. మీకు సగం సమయం అయిపోయింది. తల్లిని గోడకు ఆనించి ఒకరు పట్టుకుంటే, మరొకరు చన్ను మొన మీది బిరడాలాంటి గడ్డను తొలి ధారలతో వదిలించి, ఆపైన పిండి తీయవచ్చు. రెండున్నర కిలోల పిల్లకు రేపటిలోగా కనీసం పావు లీటరు, వీలైతే ఇంకా ఎక్కువ, కొద్దికొద్దిగా నాలుగైదు విడతల్లో అందాలి. తల్లి దగ్గర చాలకపోతే, అప్పుడే ఈనిన మేకవి గానీ ఊళ్లో ఆవువి గానీ వాడండి. వాళ్లు జున్ను వండుకోకముందే అడిగి తెచ్చుకోవాలి. వాటిని పొయ్యి మీద పెడితే విరిగిపోతాయి, వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి వెచ్చబరచండి.

పొదుగును చేత్తో తడిమి చూడడం మరవకండి. ఒక పక్క గట్టిగా, వేడిగా ఉంటే అది పొదుగువాపు. ఆ గొర్రె నొప్పికి తన్నుతోంది తప్ప పిల్లను కాదనడం లేదు. పిల్ల బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. ఇకపై వెల్లకిలా పడుకోబెట్టి పాలు పట్టవద్దు. పిల్ల తన నాలుగు కాళ్ల మీద నిలబడి, మెడను కొద్దిగా పైకి చాచి తాగాలి. ముక్కులోంచి పాలు వచ్చాయన్నారు కాబట్టి, రెండు మూడు రోజులు దగ్గును, ఎగశ్వాసను, ఛాతీలో గురగురను కనిపెట్టి ఉండండి.

జవాబు: నారాయణపేట నుంచి, కురుమ కుటుంబం

అన్నా, డాక్టరు గారు చెప్పినదానికి నేను కలపవలసినది ఒక్కటే. మీ గొర్రె చెడ్డది కాదు, మీ సబ్బు చెడ్డది. ఈనిన గొర్రె తన పిల్లను కంటితో కాక ముక్కుతో గుర్తుపడుతుంది. ఈనిన మొదటి రెండు మూడు గంటలూ నాకుతూ ఆ వాసనను పట్టుకుంటుంది. మీరు ఆ సమయంలో పిల్లను ఇంట్లో ఉంచి, వాసనను కడిగేశారు. మేము మా నల్ల దక్కనీ గొర్రెల పిల్లలను వానలో గొంగడితో తుడుస్తాము గానీ ఉమ్మనీటి జిగటను పూర్తిగా పోనివ్వము.

మాయ (ఈనిన తరువాత పడే పొర) ఇంకా దొడ్డిలో ఉంటే దాని తడిని, లేకపోతే తల్లి పాలను, పిల్ల వీపు మీద, ముఖ్యంగా తోక కింద రాయండి, ఎందుకంటే గొర్రె మొదట వాసన చూసేది అక్కడే. తల్లిని ఇరుకైన మూలలో, లేచి పడుకోగలిగేంత తాడు వదిలి, వెనక్కి తిరిగి కుమ్మలేనట్టుగా కట్టండి. ముందు మేత, నీళ్లు ఉండాలి. నాలుగు గంటలకొకసారి దాన్ని పట్టుకుని పిల్లకు చన్ను అందించండి. తల్లి పాలు పిల్ల కడుపులోంచి బయటికి పోయి, మళ్లీ తల్లి వాసనతోనే తోక కింద కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టాలి. మా తాత అయితే దొడ్డి బయట కుక్కను కనబడేలా కట్టేవాడు. దాన్ని చూసి తల్లి పిల్లకు అడ్డం నిలబడేది. నేను రెండుసార్లు చేశాను, ఒకసారి పనిచేసింది.

జవాబు: అనంతపురం జిల్లా గృహిణి

మేము తల్లి చనిపోయిన పిల్లను సీసాతో పెంచాము కాబట్టి, పాల సంగతి నేను చెబుతాను. గొర్రెపాలలో వెన్న సుమారు 7 శాతం ఉంటుంది, ఆవుపాలలో 4 శాతం దాకా మాత్రమే. అలాంటి ఆవుపాలలో మళ్లీ నీళ్లు కలిపితే పిల్లకు పొట్ట నిండుతుందే తప్ప బలం రాదు. గేదెపాలు వెన్నలో గొర్రెపాలకు దగ్గరగా ఉంటాయి. నేను నీళ్లు కలపకుండా, కాచి, ఒంటి వేడికి చల్లార్చి పట్టాను. మేకపాలు దొరికితే సులువుగా అరుగుతాయి. ఏది మొదలుపెట్టినా రోజుకొక రకంగా మార్చవద్దు.

రోజు మొత్తానికి పిల్ల బరువులో 15 నుంచి 20 శాతం చాలు. మీ పిల్లకు 375 నుంచి 500 మిల్లీలీటర్లు, మొదటి వారం ఐదారు విడతలుగా, తరువాత నాలుగు, ఆపైన మూడు. బరువు పెరిగే కొద్దీ లెక్క మార్చుకోవాలి. ఇది ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి పిల్ల అరిచినప్పుడల్లా సీసా ఇచ్చాను. అది 19వ రోజున పొట్ట డప్పులా ఉబ్బి, మధ్యాహ్నానికి చనిపోయింది. రెండో పిల్లకు తాగిన తరువాత వెనక నుంచి నిలబడి చూడడం నేర్చుకున్నాను: పక్కలు పక్కటెముకల నుంచి తుంటి దాకా తిన్నగా ఉంటే సరిపోయినట్టు, బయటికి పొంగితే ఎక్కువైనట్టు. పీక రంధ్రం కూడా చిన్నదిగా ఉండాలి. సీసా తలకిందులు చేస్తే పాలు ధార కట్టకుండా బొట్లుగా పడాలి.

రెండో వారం నుంచి శుభ్రమైన నీళ్లు, గుప్పెడు దాణా, లేత అవిసె ఆకు ముందు పెట్టండి. తినదు, నలుపుతుంది, అయినా పెట్టండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, దాణా బాగా తింటున్నప్పుడు, పాలు మాన్పించవచ్చు. మీది మగపిల్ల అంటున్నారు. దాన్ని ఇంట్లో పెంచి, నుదురు తోసి ఆడించకండి. ముద్దుగా పెరిగిన మా పొట్టేలు మనిషంటే భయం లేక, ఏడాది తిరిగేసరికి మా అత్తగారిని నీళ్ల తొట్టి దగ్గర పడదోసింది.

ప్రశ్న వేసిన రైతు, ఐదో రోజున

అందరికీ కృతజ్ఞతలు. పొదుగు మెత్తగానే ఉంది. ఆ రోజు తల్లి నుంచి రెండు గ్లాసులకు తక్కువగా జున్నుపాలు వచ్చాయి, సాయంత్రానికి అన్నీ పట్టాము. దగ్గు రాలేదు. మాయ దొరకలేదు గనుక తల్లి పాలే పిల్ల తోక కింద రాశాము. మూడు రోజులు కుమ్మడానికే చూసింది. నిన్న మధ్యాహ్నం పిల్ల చన్ను పట్టినప్పుడు తల తిప్పి తోక వాసన చూసి, గొంతులో సన్నగా గుర్రుమంది, తన్నలేదు. తాడు ఇంకా విప్పలేదు. రాత్రి ఒక్క సీసా గేదెపాలు మాత్రం ఇస్తున్నాము, అదీ సగమే తాగుతోంది.