యూనిసైకిల్ బ్యాటిల్ నియమాలు: టర్ను ఎప్పుడు ముగిసినట్టు?

గడియారంసెంటర్
వచ్చే నెల నల్లగొండలో మళ్ళీ యూనిసైకిల్ (ఒంటిచక్రపు సైకిల్) బ్యాటిల్, అంటే వంతులవారీగా ట్రిక్కులు చేసే పోటీ, పెడుతున్నాం. పోయినసారి జరిగిన రభస అందరికీ తెలుసు కాబట్టి నియమాలు ముందే కాగితం మీద పెట్టుకుందాం. ఒక్కో టర్నుకు ఎన్ని సెకన్లు, పడిపోతే గడియారం ఆగాలా వద్దా, ముగింపు సంకేతం ఏమిటి, 14 ఏళ్ళలోపు వారికి వేరే సమయం ఇవ్వాలా. అనుభవం ఉన్నవాళ్ళు రాయండి.

పాలమూరు పెడల్
నేను 360 యూనిస్పిన్‌లో (ఎగిరి, కింద సైకిల్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పే ట్రిక్కు) గాల్లో ఉండగా ఈల వేశారు. రెండు పాదాలూ పెడళ్ళ మీదే పడ్డాయి, ముందుకు నడిపాను కూడా. అయినా లెక్కలోకి తీసుకోలేదు. ఈలకు ముందు మొదలుపెట్టిన ట్రిక్కు చెల్లుతుందని రాయండి. మిగతావి ఎలా రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

దేవరకొండ హాప్
మొదలు అంటే ఎక్కడినుంచి అన్నా? మీరు స్పిన్‌కు ముందు ఊపు కోసం హాపులు (సైకిల్‌తో సహా గెంతులు) వేస్తారు. అవీ ట్రిక్కులో భాగమేనా? అలాగైతే సమయం అయిపోవస్తుంటే అందరూ హాపులు వేస్తూ నిలబడి, ఈల పడ్డాక తీరిగ్గా స్పిన్ చేస్తారు.

పాలమూరు పెడల్
పాదాలు పెడళ్ళను వదిలిన క్షణమే మొదలు. ఇందులో అర్థం కానిది ఏముంది?

దేవరకొండ హాప్
వీల్‌వాక్‌లో పాదాలు టైరు మీదే ఉంటాయి, పెడళ్ళ జోలికే పోవు. మరి దానికి మొదలు ఏది? మీకు వచ్చిన ఒక్క ట్రిక్కును దృష్టిలో పెట్టుకుని నియమం రాస్తే ఎలా?

పాలమూరు పెడల్
వీల్‌వాక్ తప్ప మరొకటి రానివాళ్ళకు ఈ బాధ సహజమే.

పీఈటీ సార్
జిల్లా స్థాయి పోటీల్లో స్టాప్‌వాచ్ పట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మీకు ఈల వేయడమూ రాదు, వినడమూ రాదు. పరుగుపందెంలో చేతి గడియారం పట్టినవాడు తుపాకి శబ్దం కోసం ఆగడు, పొగో మెరుపో కనబడగానే నొక్కుతాడు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. 100 మీటర్ల అవతల ఉన్నవాడికి అది చేరేసరికి 0.3 సెకను గడిచిపోతుంది. సంకేతం కంటికి కనబడాలి. ఎర్రజెండా పెట్టండి.

మిర్యాల చక్రం
సార్, మనం ఆడేది బాస్కెట్‌బాల్ కోర్టులో. దాని పొడవు 28 మీటర్లు. ఈ చివర వేసిన ఈల ఆ చివరకు చేరడానికి 0.08 సెకను. ఇక జెండా సంగతి: క్రాంక్‌ఫ్లిప్ (ఎగిరి పెడళ్ళను ఒక చుట్టు తిప్పి మళ్ళీ వాటి మీదే దిగడం) చేసేవాడి చూపు తిరిగే పెడళ్ళ మీద ఉంటుంది. వాడు తలెత్తి జెండా చూశాడంటే పళ్ళు రాలడం ఖాయం.

పీఈటీ సార్
లెక్కలు నాకు నేర్పకండి. నేను సూత్రం చెప్పాను.

గద్వాల కోట
అసలు దోషి శబ్దవేగం కాదు, సౌండ్ బాక్సులు. ఆ మోతలో పక్కనున్నవాడి మాటే వినబడదు, ఇక ఈల ఎవరికి వినబడుతుంది? పైగా పోయినసారి పది సెకన్లు మిగిలాయని చెప్పడానికీ ఈలే, ముగింపుకూ ఈలే. మా వాడు మొదటి ఈలకే దిగిపోయాడు, మిగిలిన పది సెకన్లు గాలికి పోయాయి. పాట ఆపేయడమే ముగింపు సంకేతం కావాలి. హోరు ఒక్కసారిగా ఆగితే ఎవరికైనా తెలుస్తుంది. పది సెకన్ల హెచ్చరికకు డప్పు మీద ఒక్క దెబ్బ చాలు.

దేవరకొండ హాప్
పాట ఆపేది ఎవరు? పోయినసారి బాక్సుల దగ్గర కూర్చున్నది మీ తమ్ముడే కదా.

గద్వాల కోట
మా తమ్ముడి మీద అనుమానం ఉంటే ఆ రోజే అడగాల్సింది. బహుమతి తీసుకుని, ఫోటో దిగి, ఇప్పుడు ఇక్కడ రాయడం ఏం మర్యాద?

సూర్యాపేట జోడెడ్లు
మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూడండి. అక్కడ లెక్కించేది బండ కదిలిన దూరాన్ని. కాబట్టి సమయం ముగిసేసరికి ఎద్దు కాలు గాల్లో ఉందా నేల మీద ఉందా అనే తగవే రాదు. అసలు ఒంగోలు జత బరిలోకి దిగితే ఆ ఠీవి...

మిర్యాల చక్రం
అన్నా, ఎడ్ల సంగతికి ఇంకో చర్చ పెట్టండి, తప్పకుండా వస్తాను.

రైడర్ వాళ్ళమ్మ
పిల్లల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. గడియారం నడుస్తోందన్న కంగారులో మా పాప మోకాలు చీరుకుపోయినా చూసుకోకుండా మళ్ళీ ఎక్కింది. దెబ్బ తగిలితే గడియారం ఆపాలి.

దేవరకొండ హాప్
ఆపుతారని తెలిస్తే ఆయాసం వచ్చిన ప్రతివాడూ మోకాలు పట్టుకుని కూర్చుంటాడు మేడం.

మిర్యాల చక్రం
కబడ్డీలో కూతకు 30 సెకన్లు. దెబ్బ తగిలితే ఆట ఆపేది రిఫరీ, ఆటగాడు అడిగినంత మాత్రాన ఆగదు. ఇక్కడా అంతే చేయండి. న్యాయనిర్ణేత చెయ్యి ఎత్తితేనే గడియారం ఆగుతుంది. మామూలుగా పడితే నడుస్తూనే ఉంటుంది.

రైడర్ వాళ్ళమ్మ
ఆ చెయ్యి ఎత్తేవారు ఫోను చూసుకుంటూ కూర్చోకపోతే నాకు సమ్మతమే.

వనపర్తి 24
ఇంత గొడవ ఎందుకు? అంతర్జాతీయ యూనిసైక్లింగ్ సమాఖ్య నియమావళి ఉంది, చదువుకోండి. రెండేళ్ళకోసారి వాళ్ళ ప్రపంచ పోటీలు, యూనికాన్, జరుగుతాయి. 2022లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో, 2024లో అమెరికాలోని బెమిడ్జీలో జరిగింది. ట్రాక్ పందేల్లో 24 అంగుళాల తరగతికి టైరు వ్యాసం 618 మిల్లీమీటర్లు దాటకూడదని కూడా వాళ్ళు రాసుకున్నారు. మనవాళ్ళలో టైరు కొలిచినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

పాలమూరు పెడల్
టైరు దొరికితే కదా కొలవడానికి! మహబూబ్‌నగర్‌లో ఏ దుకాణంలో అడిగినా పిల్లల సైకిల్ టైరు చేతికిస్తున్నారు. 20 అంగుళాలది మందమైనది ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పండి.

గడియారంసెంటర్
టైర్ల సంగతి తర్వాత. ఇప్పటికి ఇలా రాస్తున్నాను. టర్నుకు 45 సెకన్లు, పిల్లలకు 60. హెచ్చరికకు డప్పు, ముగింపుకు పాట ఆపడం. పాట ఆపే మీట న్యాయనిర్ణేత బల్ల మీదే ఉంటుంది, తమ్ముళ్ళెవరూ దగ్గరకు రాకూడదు. గాయమైతే న్యాయనిర్ణేత చెయ్యి ఎత్తాలి. పాట ఆగేసరికి చక్రం నేలను వదిలి ఉంటే ఆ ట్రిక్కు చెల్లుతుంది. వీల్‌వాక్‌లో పాట ఆగిన చోటే లెక్క ఆగుతుంది.

దేవరకొండ హాప్
హాప్‌లో కూడా చక్రం నేలను వదులుతుంది.

పాలమూరు పెడల్
ఇక నీతో నాకు మాటల్లేవు.

గద్వాల కోట
బల్ల దాకా వైరు చాలదు, పొడవైనది నేను తెస్తాను. తమ్ముడు రాడు, సరేనా?