బెర్లిన్‌లో లైటు స్తంభాల మీద చూసిన పాత చట్టాలు: మీరు చూసినవీ చెప్పండి

గోదారిగట్టు (బెర్లిన్)
అందరికీ నమస్కారం. మాస్టర్స్ చదవడానికి బెర్లిన్ వచ్చి ఆరు నెలలైంది. షోనెబర్గ్‌లో రూమ్ దొరికింది. మా చుట్టుపక్కల వీధుల్ని బయెరిషెస్ ఫియర్టెల్ అంటారు. వచ్చిన మొదటి వారం సరుకులకి వెళ్తుంటే లైటు స్తంభానికి ఎత్తులో ఒక బోర్డు, దాని మీద బ్రెడ్ బొమ్మ కనిపించాయి. బేకరీ వాళ్లదేమో అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు రెండో వైపు కనబడింది. బెర్లిన్‌లో యూదులు సాయంత్రం నాలుగు నుంచి ఐదు లోపే తిండి సరుకులు కొనుక్కోవాలని రాసి ఉంది. కింద తేదీ: 4.7.1940.

ఇలాంటి బోర్డులు మా పేటలో 80 ఉన్నాయి. 1993లో పెట్టారట. ఒక్కోదాని వెనక ఒక్కో చట్టం, లేదా ఒక్కో సర్క్యులర్. 1933లో యూదుల్ని పాటల బృందాల్లోంచి తీసేశారు. 1939లో ఇక్కడి పార్కులో పసుపు రంగు వేసిన బల్లల మీద మాత్రమే కూర్చోమన్నారు. 1940లో ఇళ్లలో టెలిఫోన్లు కట్ చేశారు. 1942లో కుక్కనీ పిల్లినీ కూడా పెంచుకోకూడదన్నారు.

స్కూల్లో చదివింది "హిట్లర్ నాజీ పార్టీ వాళ్లు 60 లక్షల మంది యూదుల్ని చంపారు" అన్న ఒక్క వాక్యమే. ఈ బోర్డులు చూశాక నిద్ర పట్టడం లేదు. పార్కు బల్ల దగ్గర మొదలైంది చావు రైలు దాకా ఎలా వెళ్లింది? ఇలాంటి చోట్లు చూసినవాళ్లు, చదివినవాళ్లు చెప్పండి.

సోషల్ మాస్టారు (తెనాలి)
అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. 31 ఏళ్లు పదో తరగతికి ఈ పాఠం చెప్పాను. సిలబస్ అవదన్న టెన్షన్‌లో "హిట్లర్ అధికారం చేజిక్కించుకున్నాడు" అని ఒక్క ముక్కలో దాటేసేవాణ్ణి. రిటైరయ్యాక తీరిగ్గా చదివితే ఆ మాట తప్పని తెలిసింది. ఆయన లాక్కోలేదు, తీసుకెళ్లి చేతిలో పెట్టారు.

1928 ఎన్నికల్లో నాజీలకి వచ్చింది 2.6 శాతం. మరుసటేడు అమెరికాలో మార్కెట్ కూలింది, జర్మనీకి అప్పులిచ్చినవాళ్లు వెనక్కి అడిగారు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1930లో 18.3 శాతం. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు దాటారు, ఆ జూలైలో నాజీలకి 37.3. ఇక్కడే మనం పాఠంలో వదిలేసేది ఉంది. నవంబరులో మళ్లీ ఎన్నికలొస్తే వాళ్ల ఓట్లు తగ్గాయి, 33.1కి దిగారు. అలా దిగజారుతున్న పార్టీ నాయకుణ్ణి పిలిచి 1933 జనవరి 30న ఛాన్సలర్‌ని, అంటే మన ప్రధానమంత్రి లాంటి పదవిలో, చేశారు. మాజీ ఛాన్సలర్ ఫాన్ పాపెన్ లాంటి పెద్దమనుషులు ముసలి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ని ఒప్పించారు. మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే కాబట్టి మన చెప్పుచేతల్లో ఉంటాడనుకున్నారు.

ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ఎమర్జెన్సీ ఉత్తర్వు. మాట్లాడే హక్కు, సభ పెట్టుకునే హక్కు, ఉత్తరాలూ ఫోన్లూ రహస్యంగా ఉండే హక్కు అన్నీ ఒక్క సంతకంతో పోయాయి. మార్చి 23న హిట్లర్ పార్లమెంటు అవసరం లేకుండానే చట్టాలు చేసుకునే అధికారం అడిగాడు. మూడింట రెండొంతులు కావాలి. కమ్యూనిస్టు సభ్యుల్ని అప్పటికే జైళ్లలో పెట్టారు, తరిమేశారు. సభ జరిగిన ఒపేరా హాలు చుట్టూ, లోపలా యూనిఫాం వేసుకున్న ఆయన మనుషులు నిలబడ్డారు. అనుకూలం 444, వ్యతిరేకం 94. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లే. వాళ్ల నాయకుడు ఒట్టో వెల్స్ ఆ హాల్లోనే లేచి కాదని చెప్పాడు. ఇన్నేళ్లలో ఆయన పేరు ఒక్క విద్యార్థికీ చెప్పలేదు, ఆ బాధ నాకుంది.

ఇసార్ ఒడ్డున (మ్యూనిక్)
మాస్టారూ, మీరు చెప్పిన ఓటింగుకి ఒక్క రోజు ముందు, మార్చి 22న, దహావ్ నిర్బంధ క్యాంపు తెరిచారు. మా ఇంటి నుంచి లోకల్ ట్రైన్‌లో అరగంట లోపే. ఊళ్లోంచి ఎవరొచ్చినా తీసుకెళ్తాను. మొదట అందులో పెట్టింది కమ్యూనిస్టుల్నీ సోషల్ డెమోక్రాట్లనీ. 1938 నవంబరులో యూదుల మీద జరిగిన దాడుల తర్వాత పదివేలకు పైగా యూదు మగవాళ్లని తెచ్చి పడేశారు.

అక్కడ నన్ను ఆపేసింది ఒక పాత పేపర్ వార్త. క్యాంపు తెరుస్తున్నాం, ఐదువేల మంది పడతారు అని మ్యూనిక్ పత్రికలో అచ్చయింది. దాచలేదు. జనం కాఫీ తాగుతూ చదివారు.

నల్లమల (ఒంగోలు)
నాకు నిజంగా తెలియకే అడుగుతున్నాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. అప్పట్లో జర్మనీలో వ్యాపారాలన్నీ యూదుల చేతిలో ఉండేవనీ, మొదటి యుద్ధంలో దేశాన్ని మోసం చేశారనీ, అందుకే జనానికి కోపమొచ్చిందనీ వాట్సాప్‌లో చాలాసార్లు వచ్చింది. అందులో కొంతైనా నిజముందా?

సోషల్ మాస్టారు (తెనాలి)
అడిగినందుకు సంతోషం బాబూ. లేదు. 1933లో జర్మనీలో యూదులు సుమారు 5 లక్షలు. జనాభాలో నూటికి ఒక్కరు కూడా కారు. మొదటి యుద్ధంలో లక్షమంది జర్మన్ యూదులు సైన్యంలో పనిచేశారు, 12 వేలమంది దాకా చచ్చిపోయారు. 1933 ఏప్రిల్‌లో యూదుల్ని సర్కారు ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నప్పుడు, యుద్ధంలో పోరాడినవాళ్లని వదలాలని హిండెన్‌బర్గ్ పట్టుబట్టాడు. అప్పుడు చూస్తే మినహాయింపు దొరికినవాళ్లు నాజీలు ఊహించినదానికన్నా చాలా ఎక్కువమంది తేలారు. మోసం చేసినవాళ్లయితే అంతమంది ఎలా ఉంటారు? రెండేళ్ల తర్వాత ఆ మినహాయింపూ పోయింది.

యుద్ధంలో ఓడింది సైన్యం. ఆ ఓటమిని వేరేవాళ్ల మీదకి తోసింది సేనాధిపతులు. నీకొచ్చిన మెసేజ్ వందేళ్ల నాటి అబద్ధం, అంతే.

నల్లమల (ఒంగోలు)
అర్థమైంది మాస్టారూ. ఆ గ్రూపులో ఇదే పెడతాను.

లెక్కలపుస్తకం (ఫ్రాంక్‌ఫర్ట్)
గోదారిగట్టూ, నీ ప్రశ్నకి నేను రోజూ చేసే పనిలోంచి జవాబు చెప్తాను. ఇక్కడ ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఈ చరిత్రలో నన్ను భయపెట్టేవి తుపాకులకన్నా ఫారాలు.

1938 ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. 5000 మార్కులు దాటిన ఆస్తి ఉన్న యూదులు మొత్తం లెక్క రాసివ్వాలి. ఇల్లు, షాపు, బీమా పాలసీ, నగలు, అన్నీ. చాలామంది నింపారు. ఆ నవంబరు 9 రాత్రి ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, దుకాణాలు పగలగొట్టి, 30 వేలమందిని క్యాంపులకి తోలాక, తిరిగి యూదుల మీదే వంద కోట్ల మార్కుల జరిమానా వేశారు. ఎవరెంత కట్టాలో తేల్చడం తేలికైపోయింది, ఏప్రిల్‌లో వాళ్లే రాసిచ్చిన లెక్క ఉంది కదా.

మరి వెళ్లిపోవచ్చు కదా అని మన ఇళ్లలో అడుగుతారు. దేశం వదిలితే ఆస్తిలో పాతికశాతం పన్ను. మిగిలింది విదేశీ డబ్బుగా మార్చుకుంటే 1939 నాటికి నూటికి నాలుగు చేతికొచ్చేవి. వీసా స్లాట్ కోసం రాత్రుళ్లు మేలుకున్నవాళ్లం మనం, క్యూ అంటే ఏంటో తెలుసు. మనకి వీసా రాకపోతే ఒక సెమిస్టర్ పోతుంది. వాళ్లకి ప్రాణం పోయింది. 1938 జూలైలో ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని జాలిపడి, దాదాపు అందరూ తలుపులు మూసుకున్నారు. మరుసటేడు సెయింట్ లూయిస్ ఓడలో 937 మంది బయల్దేరితే క్యూబా కొద్దిమందినే దింపుకుంది, అమెరికా, కెనడా రానివ్వలేదు. ఓడ యూరప్ తిరిగొచ్చింది. అలా వచ్చినవాళ్లలో 254 మంది తర్వాత హత్యకి గురయ్యారు.

ఇక ఆఖరి ఫారం. రైలెక్కించే ముందు ఒక్కొక్కరితో 16 పేజీలు నింపించేవారు. దుప్పట్లెన్ని, కుర్చీలెన్ని, చెంచాలెన్ని. 1941 నవంబరులో ఇంకో ఉత్తర్వు: సరిహద్దు దాటి బయట ఉంటున్న యూదుడికి జర్మన్ పౌరసత్వం ఉండదు, ఆస్తి సర్కారుది. సరిహద్దు దాటించేది వాళ్లే. చట్టప్రకారం ఆస్తి దక్కేదీ వాళ్లకే. ఆ దుప్పట్లూ కుర్చీలూ బహిరంగంగా వేలం వేస్తే ఊరివాళ్లు పాడుకున్నారు. రైల్వే మూడో తరగతి చార్జీ కట్టించుకుంది. పదేళ్లలోపు పిల్లలకి అర టికెట్. నాలుగేళ్లలోపైతే టికెట్ లేదు.

ఆ అర టికెట్ లెక్క వేసిన గుమాస్తా ఎవర్నీ కొట్టి ఉండడు. సాయంత్రం ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకునే ఉంటాడు. నేను కూర్చునే కుర్చీ లాంటిదే ఆయనదీ.

వానవెలిసాక (మిలాన్)
అక్కా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఇటలీ గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే ఫాసిజం అన్న మాట ఇక్కడిదే. ముస్సోలినీ 1922లోనే వచ్చాడు. 16 ఏళ్లపాటు యూదుల మీద ప్రత్యేక చట్టాలు లేవు, ఆయన పార్టీలో యూదులు కూడా ఉండేవారు. 1938లో ఒక్కసారిగా జాతి చట్టాలొచ్చాయి. లిలియానా సెగ్రే అనే ఎనిమిదేళ్ల పాపని బడికి రావద్దన్నారు. 1944 జనవరి 30న, 13 ఏళ్ల వయసులో, తండ్రితో పాటు ఆమెని మిలాన్ సెంట్రల్ స్టేషన్ నుంచి పోలండ్‌లోని ఆష్విట్జ్ చావు క్యాంపుకి పంపారు. తండ్రి తిరిగి రాలేదు. ఆమె బతికొచ్చి, 2018లో జీవితకాల సెనేటర్ అయ్యారు.

నేను రోజూ ఆ స్టేషన్లోనే రైలు దిగుతాను. మన ప్లాట్‌ఫారాల కింద, పోస్టల్ సామాను ఎక్కించే చోట, ఎవరికీ కనబడకుండా మనుషుల్ని పెట్టెల్లో నింపి, ఆ పెట్టెల్ని లిఫ్టులో పైకి ఎత్తేవారు. ఇప్పుడది స్మారకం. లోపలికి వెళ్లగానే గోడ మీద పెద్ద అక్షరాలతో ఒకే మాట. ఇటాలియన్‌లో ఇండిఫెరెంజా. పట్టనితనం అనొచ్చు. అక్కడ ఏ మాట రాయాలో చెప్పింది సెగ్రేగారే.

ఓరుగల్లు ఆడపడుచు (స్టుట్‌గార్ట్)
నాది చిన్న అనుభవం. గృహప్రవేశానికి గుమ్మం మీద పసుపుతో స్వస్తిక్ వేశాను. ఎదురు ఫ్లాట్ ముసలావిడ తలుపు తీసి, చూసి, మాట రాక నిలబడిపోయింది. మన గుర్తు వేరు, వాళ్ల జెండా మీది గుర్తు వేరు అని చెప్పాను. విన్నది. తర్వాత, తనకి ఆరేళ్లప్పుడు కింది ఇంటి కుటుంబాన్ని తీసుకెళ్తుంటే వాళ్లమ్మ కిటికీ తెర వేసేసిందని చెప్పింది. అంతే చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రే గుమ్మం మీది గుర్తు తుడిచేసి పూజగదిలో వేసుకున్నాను. ఇక్కడ నాజీ గుర్తు బయట చూపించడం నేరమన్న భయంతో కాదు. ఆవిడ రోజూ ఆ తలుపు ఎదురుగానే తిరగాలి కదా.

కోఠిపాతపుస్తకాలు (హైదరాబాద్)
ఫుట్‌పాత్ షాపుల్లో హిట్లర్ పుస్తకం పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకాల పక్కన పెట్టి అమ్ముతారు. "దేశం బాగుపడాలంటే ఇలాంటోడు రావాలి" అంటూ కాలేజీ కుర్రాళ్లు కొనడం కళ్లారా చూశాను. గట్టిగా ఉండే హెడ్మాస్టరుకి మనం హిట్లర్ అని పేరు పెట్టేస్తాం. పై మాటలన్నీ చదివాక నా నోటి నుంచి అది మళ్లీ రాదు.

నల్లమల (ఒంగోలు)
ఎవరూ ఎదురు తిరగలేదా?

ఇసార్ ఒడ్డున (మ్యూనిక్)
కొద్దిమంది. 1938 నవంబరు 9 రాత్రి బెర్లిన్‌లో విల్హెల్మ్ క్రూట్స్‌ఫెల్ట్ అధికారిగా ఉన్న ఠాణా పోలీసులు ఒరానియెన్‌బుర్గర్ వీధి యూదు మందిరానికి నిప్పుపెట్టినవాళ్లని తరిమి, ఫైరింజన్ పిలిపించారు. అది రక్షిత భవనమని పాత ఉత్తర్వు ఉందట, దాన్నే అడ్డం పెట్టారు. 1943లో బెర్లిన్‌లోనే రోజెన్ వీధిలో దాదాపు 2000 మంది యూదుల్ని నిర్బంధిస్తే, వాళ్ల భార్యలు (ఆ ఆడవాళ్లు యూదులు కారు) చలిలో రోజుల తరబడి నిలబడి మా మగవాళ్లని వదలండి అని అరిచారు. చాలామందిని వదిలారు. ఆ నిరసన వల్లేనా కాదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. నిలబడిన ఆడవాళ్ల మీద కాల్పులైతే జరగలేదు.

సోషల్ మాస్టారు (తెనాలి)
ఒకటి జోడిస్తాను. పొద్దున్నే ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యేముందు వచ్చే ఆ సంగీతం మనందరికీ తెలుసు. మా నాన్న అది వినే ఎడ్లకి మేత వేసేవాడు. దాన్ని కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడని చెప్తారు. నాజీల నీడ పడుతున్న యూరప్ వదిలి 1934లో బొంబాయి చేరి, అక్కడి రేడియోలో పనిచేశాడు. మా ఇంట్లో దశాబ్దాలపాటు ఆయన సంగీతంతోనే తెల్లవారింది, ఒక్కరికీ తెలియదు.

గోదారిగట్టు (బెర్లిన్)
అందరికీ చాలా థాంక్స్. నిన్న నవంబర్ 9. ఇక్కడ ఇళ్ల ముందు ఫుట్‌పాత్‌లో చిన్న ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి, అక్కడ ఉండి హత్యకి గురైనవాళ్ల పేర్లతో. ఈ తేదీన జనం వాటిని తోముతారు. మా బిల్డింగ్ ముందు మూడున్నాయి. ఇన్నాళ్లూ నల్లబడిపోయి ఉంటే సరిగ్గా చూడలేదు. పాలిష్ కొందామంటే షాపు మూసేశారు. ఇంట్లో చింతపండు ఉంది. నానబెట్టి, అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు మోకాళ్ల మీద కూర్చుని తోమాను. ఒకటి 1932లో పుట్టిన అమ్మాయిది. 1938 నవంబరులోనే యూదు పిల్లల్ని జర్మన్ బళ్లలోంచి తీసేశారు, అంటే జర్మన్ బడిలో ఒకటో తరగతి కూడా పూర్తయి ఉండదు. పేరు బయటపడేసరికి పై అంతస్తు ఆయన కిందికి వచ్చి, ఆ పులుపు వాసన ఏంటని అడిగాడు. చెప్పాను. మిగిలిన రెండూ ఆయన తోమాడు.