"లాక్‌మన్ పద్ధతి" అన్న పేరు లాక్‌మన్‌కు దక్కవలసిందేనా?

తాళపత్రం:
రాతప్రతులను పోల్చి, వాటిలో ఉమ్మడిగా ఉన్న తప్పులను బట్టి ఏది దేనికి నకలో తేల్చి, పోయిన మూలప్రతి దాకా వెళ్లే పనికి ఆయన పేరే స్థిరపడింది. కార్ల్ లాక్‌మన్ (1793–1851) బెర్లిన్‌లో ఆచార్యుడు, మహాపండితుడు, కాదనను. కానీ ప్రతుల వంశవృక్షాన్ని 1831లోనే రోమన్ వక్త సిసిరో ప్రసంగాల కోసం త్సుంప్ట్ అనే జర్మన్ పండితుడు గీశాడు. రోమన్ కవి లుక్రీషియస్ కావ్యప్రతుల సంబంధాలను జర్మన్ పండితుడు యాకోబ్ బెర్నైస్ 1847లో ప్రచురించాడు. లాక్‌మన్ పరిష్కరించిన లుక్రీషియస్ వచ్చింది 1850లో! ఇటలీ పండితుడు టింపనారో 1963లో ఇవన్నీ వివరంగా చూపాడు. బెర్నైస్ యూదుడు. మతం మారనన్నందుకు పూర్తిస్థాయి ఆచార్య పదవికి నోచుకోలేదు. అలాంటివాడి కష్టం మీద మరొకరి పేరు కనిపిస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

పంక్తిలెక్క:
తాళపత్రం గారూ, బెర్నైస్ విషయంలో మీ బాధ న్యాయమైనదే. అయినా లాక్‌మన్ చేసినది ఒకసారి దగ్గరగా చూడండి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉన్న రెండు పాత లుక్రీషియస్ ప్రతుల్లో ఒకదాంట్లో నాలుగు భాగాలు తమ చోట లేవు, గ్రంథం చివర చేరాయి. ఒక్కొక్కటి అటూ ఇటుగా 52 పంక్తులు. అంటే మూలప్రతిలో నాలుగు ఆకులు ఊడిపోతే, ఎవరో ఏరి చివర పెట్టారన్నమాట. ఆకుకు రెండు వైపులు, వైపుకు 26 పంక్తులు. లోకంలో ఎక్కడా మిగలని పుస్తకానికి పేజీ కొలత చెప్పాడు! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక బైబిల్ కొత్త నిబంధన సంగతి: మూడు వందల ఏళ్లుగా చెలామణిలో ఉన్న గ్రీకు పాఠాన్ని 1831లో పక్కన పెట్టి, నేరుగా పాత ప్రతుల మీద ఆధారపడ్డాడు. అపొస్తలులు రాసిన మాటలనే తెచ్చానని చెప్పుకోలేదు, నాలుగో శతాబ్ది నాటి పాఠం వరకే తన గురి అన్నాడు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి.

పాతప్రతి:
పేరు ఎవరిదైనా, పద్ధతికే ఒక హద్దుంది. లేఖకుడు ఒకే ప్రతిని చూసి రాస్తేనే వంశవృక్షం నిలుస్తుంది. రెండు మూడు ప్రతులు ముందేసుకుని ఒక్కోచోట ఒక్కోదాని నుంచి నచ్చిన మాటలు తీసుకుంటే కొమ్మలు పెనవేసుకుపోతాయి. బెర్లిన్‌లో చదువుకున్న సుక్తంకర్ గారికి పుణెలో మహాభారతం ఆదిపర్వం (1933) పరిష్కరించేటప్పుడు ఎదురైన చిక్కు ఇదే.

తాళపత్రం:
పంక్తిలెక్క గారూ, 26 పంక్తుల లెక్క ముందు నేను తల వంచుతాను, అది లాక్‌మన్‌దే. పద్ధతి మాత్రం ఆయన ఒక్కడిది కాదు. ఈ ఏడాది నా విద్యార్థులకు ఈ పాఠాన్ని "వంశక్రమ పద్ధతి" అనే చెబుతాను, మొదటి రోజు బెర్నైస్ పేరుతో మొదలుపెడతాను.